చేను దాకా వినపడే పేరు

ఆ మధ్య అనంతపురంలో ఒక స్నేహితుడి ఇంటికి వెళ్లాను. ఆయన కూతురు తొలి కాన్పుకు పుట్టింటికి వచ్చింది. మగపిల్లవాడు పుట్టాడు. ఇరవై ఒకటో రోజున పేరు పెడదామని పెద్దలు అనుకున్నారు. ఆ రోజుకు ఇంకా వారమే ఉంది. నేను వెళ్లేసరికి ఇంట్లో పేరు వెతకడమే పనిగా ఉంది.

పిల్లవాడిది రోహిణి నక్షత్రం, మొదటి పాదం. పేరు 'ఓ' అనే అక్షరంతో మొదలు కావాలని పంచాంగం చూసినాయన చెప్పారట. అల్లుడు బెంగళూరు నుంచి వీడియో కాల్‌లో ఉన్నాడు. అమ్మాయి ఒడిలో బిడ్డ, పక్కన నోటుపుస్తకం. అందులో రాసిన పేర్లు కొన్ని, కొట్టేసిన పేర్లు చాలా.

వాళ్లిద్దరూ కోరుకుంటున్నది పెద్ద కోరికేమీ కాదు. పేరు పొట్టిగా ఉండాలి. రెండక్షరాలైతే మంచిది, మూడు దాటకూడదు. బడిలో టీచరు పిలిస్తే తమవాడొక్కడే లేచి నిలబడాలి. రేపు ఏ దేశం పోయినా అక్కడివాళ్ల నోట్లో నలిగిపోకూడదు. దానికి మంచి అర్థం ఉండాలి.

స్నేహితుడు కాసేపు ఊరుకుని, మెల్లగా, "ఓబులేసు అంటే ఎట్లుంటుంది?" అన్నాడు. ఆ అమ్మాయి నవ్వింది. ఫోన్లో అల్లుడూ నవ్వాడు. అందులో ఎగతాళి లేదు. పెద్దాయన ముచ్చట ఎక్కడ నొచ్చుకుంటుందోనన్న నవ్వు అది. ఓబులేసు ఆయన తండ్రి పేరు.

మూలన మంచం మీద స్నేహితుడి తల్లి కూర్చుని ఉంది. ఎనభై దాటిన మనిషి. జీవితమంతా పెన్నహోబిలం దగ్గర పల్లెలో వేరుశనగ చేల మధ్య గడిపింది. ఇంతసేపూ విని, "ఏం పేరన్నా పెట్టుకోండి నాయనా. వాకిట్లో నిలబడి పిలిస్తే సేను దాకా ఇనపడల్ల. అంతే గదా" అంది.

ఆ మాట నాతోపాటు ఇంటికి వచ్చింది. పేరు గురించి చాలామంది చాలా చెప్పగా విన్నాను కానీ, ఆ కొలత ఎవరూ చెప్పగా వినలేదు.

తమ బిడ్డకు ఎవరికీ లేని పేరు కావాలని అమ్మానాన్నలు ఎందుకు వెతుక్కుంటారో నాకు తెలుసు. మా తరగతిలో నలుగురు వెంకటేశులు ఉండేవాళ్లు. ఒకడు పొట్టి వెంకటేశు, ఒకడు నల్ల వెంకటేశు, ఒకడు పోస్టాఫీసు వెంకటేశు. నాలుగోవాణ్ని ఇంటిపేరుతోనే పిలిచాం. పదేళ్లు కలిసి చదివినా వాడి పేరుతో వాణ్ని ఒక్కసారీ పిలవలేదు. అలా పెరిగినవాళ్లు తమ పిల్లలకు తోక తగిలించక్కర్లేని పేరు ఒకటి ఇవ్వాలనుకుంటే అందులో ఆశ్చర్యమేముంది? ఇప్పటికీ ఈ ప్రాంతంలో ఏ బడి గుమ్మంలోనైనా నిలబడి "సాయీ" అని పిలిస్తే నాలుగు తలలు ఒకేసారి తిరుగుతాయి. 2022 ఏప్రిల్‌లో అనంతపురం నుంచి వేరుపడిన జిల్లాకు కూడా ఆ పేరే వచ్చింది. పేరు రెండక్షరాలే, మోసేవాళ్లు వేలమంది.

అయితే ఈ నేల మీద ఒకప్పుడు ప్రత్యేకమైన పేరు కోసం ఎవరూ వెతుక్కోలేదు. ఇంటికి దగ్గరున్న కొండే పేరు ఇచ్చేది. అహోబిలం నరసింహుడి మీద ఓబులేసు, ఓబన్న, ఓబులపతి. పెన్న ఒడ్డున ఉన్న పెన్నహోబిలం స్వామికి మొక్కుకుంటే పెన్నోబులేసు. కదిరి నరసింహుడి మీద కదిరప్ప. కసాపురం నెట్టికంటి ఆంజనేయుడి మీద నెట్టికంటయ్య. హంపి విరూపాక్షుడి మీద హంపన్న, విరూపాక్షి. లేపాక్షి వీరభద్రుడి మీద వీరభద్రప్ప. రాయదుర్గం, మడకశిర వైపు పోతే నాయకనహట్టి స్వామి మీద తిప్పేస్వాములు ఎదురవుతారు. పేరు చెప్పగానే మనిషిది ఏ దిక్కో, వాళ్ల ఇంటి మొక్కు ఎక్కడో తెలిసిపోయేది.

నార్పల మండలంలో గూగూడు అనే పల్లె ఉంది. అక్కడ కుళ్లాయిస్వామి పీరు. మొహర్రం రోజుల్లో ఆ పల్లెకు జనం విరగబడి వస్తారు. కుళ్లాయప్ప అనే పేరు హిందువుల ఇళ్లలోనూ వినపడుతుంది, ముస్లింల ఇళ్లలోనూ వినపడుతుంది. కుళ్లాయి అంటే టోపీ. కవి అఫ్సర్ ఈ ఊరి పీర్ల పండగ మీదే ఒక పుస్తకం రాశారు, 2013లో వచ్చింది. కుళ్లాయప్ప అనే మాట తెలంగాణలోనో కోస్తాలోనో వింటే ఎవరైనా రెండోసారి అడిగి తెలుసుకుంటారు. గూగూడు చుట్టుపక్కల పిలిస్తే వీధి మొత్తం పలుకుతుంది. ప్రత్యేకం అనుకున్న పేరు కూడా ఊరిని బట్టి మారుతుందన్నమాట.

కొన్ని పేర్ల వెనక కన్నీళ్లూ ఉన్నాయి. పుట్టిన పిల్లలు పుట్టినట్టే పోతుంటే, బతికిన ఒక్క బిడ్డను దక్కించుకోవడానికి తల్లి పడిన తపన ఆ పేర్లలో కనిపిస్తుంది. బిడ్డను తిన్న విస్తరాకుల మీద దొర్లించి పుల్లయ్య అన్నారు. పెంటకుప్ప మీద పడుకోబెట్టి తీసుకుని పెంటయ్య అన్నారు. ఇంత తక్కువ పేరున్నవాణ్ని మృత్యువు పట్టించుకోదనీ, పక్కనుంచి వెళ్లిపోతుందనీ ఆ తల్లి నమ్మకం. ఆ పేరు వింటే ఇప్పటి పిల్లలకు నవ్వు రావచ్చు. దాన్ని పెట్టిన రాత్రి ఆ ఇంట్లో దీపం ఎలా వెలిగిందో ఒక్కసారి తలుచుకుంటే ఆ నవ్వు ఆగిపోతుంది.

ఇక తాతల పేర్లు. పెద్దకొడుకు కొడుక్కి తాత పేరు పెట్టడం ఆనవాయితీ. కానీ మామ పేరును కోడలు నోటితో పలకకూడదు. కన్నకొడుకునే పేరు పెట్టి పిలవలేని తల్లులు ఉండేవాళ్లు. అందుకే వాణ్ని "నాయనా" అనేవాళ్లు, "అబ్బయ్యా" అనేవాళ్లు, "సిన్నోడా" అనేవాళ్లు. కోపమొచ్చి తిట్టాలన్నా పేరు అడ్డమొచ్చేది. "మామ పేరు పెట్టుకున్నాక తిట్టడానికి నోరు రాదు" అని మా ఇంట్లో ఒక పెద్దావిడ అనేది. పిల్లవాడు అల్లరి చేసినా వాడి మీద ఒక ముసలాయన గొడుగు పట్టుకుని నిలబడినట్టు ఉండేది.

ఈ పేర్లన్నీ ఇప్పుడు తగ్గుతున్నాయి. అది చూసి దిగులుపడేవాళ్లున్నారు. నాకూ కొంచెం దిగులే. కానీ ఆ నోటుపుస్తకం చూశాక మనసు మెత్తబడింది. బెంగళూరులో పగలంతా పనిచేసి, రాత్రి గదిలో ఒంటరిగా కూర్చుని, ఇంకా చేతిలోకి తీసుకోని కొడుకు కోసం వందల పేర్లు చదివి, ఒక్కోదాన్నీ పైకి పలికి చూసుకున్న తండ్రి అతను. కొండ మెట్లెక్కి మొక్కుకున్న తాతకూ ఇతనికీ తేడా నాకు పెద్దగా కనిపించలేదు. ఇద్దరూ బిడ్డ బాగుండాలనే వెతికారు. ఒకాయన కొండ మీద వెతికాడు, ఒకాయన ఫోన్లో వెతికాడు.

పొట్టి పేర్ల మీద మోజు కొత్తదని కూడా అనుకోనక్కర్లేదు. కదిరి దగ్గర కటారుపల్లెలో వేమన సమాధి ఉంది. పద్యం చివర తన పేరు తానే పిలుచుకున్న కవి ఆయన. ఆ పిలుపులో ఉన్నవి రెండే అక్షరాలు. 1829లో బ్రౌన్ దొర ఆ పద్యాలు అచ్చువేయక ముందూ, ఆ తర్వాతా, పలక పట్టిన ప్రతి తెలుగు పిల్లవాడూ ఆ రెండక్షరాల మనిషిని పేరు పెట్టి పిలిచాడు. పెద్దవాణ్ని అలా పిలవడం తప్పని ఏ పంతులూ అనలేదు.

శింగనమల దగ్గర తరిమెలలో 1915లో ఒక బిడ్డ పుట్టాడు. పెట్టిన పేరు విశ్వరూపాచారి, ఇంటిపేరు మీసరగండ. లోకానికి తెలిసింది మాత్రం విశ్వం. విద్వాన్ విశ్వం. 'పెన్నేటి పాట' రాసి ఈ కరువు సీమ గుండెను తెలుగువాళ్లందరికీ వినిపించారు. 'మాణిక్యవీణ' పేరుతో పత్రికలో ఏళ్ల తరబడి పాఠకులతో మాట్లాడారు. ఆ పొడుగాటి పేరును ఆయన మొత్తంగా వదిలేయలేదు. అందులోంచి తనకు కావలసినంత తీసుకున్నారు.

హంపన్న మాట కూడా చెప్పాలి. గుంతకల్లు దగ్గర రైల్వే గేటు కాపలాదారు. 1893 అక్టోబరులో తెల్ల సిపాయిలు ఇద్దరు ఆడవాళ్ల వెంటపడితే, వాళ్లను తన గేటు గదిలో దాచి, తలుపుకు అడ్డం నిలబడ్డాడు. తుపాకీ గుండు తగిలి చనిపోయాడు. గుత్తి కేశవపిళ్లె ఆ అన్యాయాన్ని లోకానికి చాటారు. హంపన్న మూడక్షరాల పేరు. అది వాళ్ల అమ్మ పెట్టినప్పుడు హంపి స్వామి పేరు. ఆ రోజు తర్వాత అది ఈ మనిషి పేరు. ఒక పేరు ప్రత్యేకమైనదని తేలడానికి ఒక్కోసారి ఒక జీవితమంతా పడుతుంది.

పొట్టి పేరు గురించి అనంతపురం చెప్పే కథ ఇంకొకటుంది. నాకు బాగా ఇష్టమైనదీ అదే. 1800లో దత్తమండలాలు కుంఫిణీ చేతికి వచ్చినప్పుడు థామస్ మన్రో కలెక్టరుగా వచ్చాడు. అనంతపురం కేంద్రంగా 1807 దాకా ఉన్నాడు. పల్లె పల్లె తిరిగి, రైతు గోడు రైతు నోటే విన్నాడని జనం చెప్పుకున్నారు. తర్వాత మద్రాసు గవర్నరయ్యాడు. సెలవు తీసుకుని స్వదేశం వెళ్లిపోయే ముందు, ఈ నేలను చివరిసారి చూసుకోవడానికి వచ్చి 1827 జులైలో పత్తికొండలో కలరాతో కన్నుమూశాడు. ముందు గుత్తిలోనే పూడ్చిపెట్టారు.

ఆయన పేరు మీద రైతులు పిల్లలకు పేర్లు పెట్టుకున్నారు. ఆ పేరు మన్రోలప్ప.

చూడండి, మన్రో అనేది రెండక్షరాలు. పొట్టి పేరు, ఎవరికీ లేని పేరు. ఈ కాలపు అమ్మానాన్నలు కోరుకునేదంతా అందులో ఉంది. కానీ మన రైతులకు ఆ రెండక్షరాలు చాలలేదు. దానికొక 'అప్ప' తగిలించి, నోట్లో కాసేపు నానబెట్టి, తమ పిల్లవాడికి సరిపోయేలా మెత్తగా చేసుకున్నారు. స్కాట్లాండ్‌లో పుట్టిన పేరు పెన్న ఒడ్డున ఉయ్యాల ఎక్కింది.

దీన్ని బట్టి నాకొకటి అర్థమైంది. మనిషి మీద ఇష్టం పుడితే నోరు ఊరుకోదు. పొడుగు పేరును కుదిస్తుంది, పొట్టి పేరును సాగదీస్తుంది. ఓబులేసును "ఓబులా" అంటుంది. రామాంజనేయులును "అంజీ" అంటుంది. మన్రోను మన్రోలప్ప అంటుంది. పేరు ఎన్ని అక్షరాలుండాలో పంచాంగమూ అమ్మానాన్నలూ తేల్చవచ్చు. చివరికి ఎన్ని మిగలాలో మాత్రం రోజూ పిలిచేవాళ్లే తేలుస్తారు.

తెలుగు మాట అచ్చుతో ముగుస్తుంది. విహాన్, అయాన్, ఆర్యన్ లాంటి పేర్లు హల్లు దగ్గర ఆగిపోతాయి. ఆగినవాటిని అవ్వలు ఆగనివ్వరు. "విహానూ", "అయానూ" అంటూ చివర ఒక అచ్చు పెట్టి, దాన్ని వీధి చివరిదాకా లాగుతారు. దూరంగా ఉన్నవాణ్ని పిలిచేటప్పుడు చివరి అచ్చు అలా సాగడాన్ని వ్యాకరణంలో ప్లుతం అంటారు. మంచం మీది ఆ పెద్దావిడ వ్యాకరణం చదవలేదు. చేను దాకా వినపడాలి అన్నప్పుడు ఆమె అడిగింది మాత్రం దాన్నే.

వినపడాల్సిన అవసరం ఆమెకు తెలుసు. మెట్ట సేద్యంలో మనుషులు దూరదూరంగా ఉంటారు. పిల్లవాడు గొర్రెల వెంట గుట్ట మీదుంటాడు. తండ్రి గట్టు అవతల గుంటక తోలుతుంటాడు. సంగటి చల్లారిపోతోందనో, ఆకాశం కమ్ముకొస్తోందనో, ఇంటికి చుట్టమొచ్చాడనో చెప్పాలంటే పేరొక్కటే ఆధారం. మధ్యలో ఎర్రమట్టి, ఎదురుగాలి. ఆ గాలిని దాటుకుని వెళ్లగలిగినదే పేరు.

ఇప్పుడు ఆ దూరాలు మారాయి. పిల్లలు బెంగళూరులో, హైదరాబాదులో, ఇంకా అవతల ఉన్నారు. పిలవడానికి గొంతు పెంచాల్సిన పని లేదు. అయినా సాయంత్రం పూట ఇంటి దగ్గర పెద్దవాళ్లు ఫోను చెవికి ఆనించుకుని ఎందుకంత గట్టిగా పేరు పెట్టి పిలుస్తారో గమనించండి. చెవుడు ఒక్కటే కారణం కాదనిపిస్తుంది. మధ్యలో ఎంత దూరముందో వాళ్ల గొంతుకు తెలుసు.

ఈ ఊరి పేరే చూడండి. ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వాన పడే చోటు. ఆ చోట ఒక చెరువు తవ్వించి, దానికి అనంతసాగరం అని పేరు పెట్టారు. అంతులేని సముద్రం అని. బుక్కరాయల మంత్రి చిక్కవొడయరు కట్టించాడని చెబుతారు. అనంత అనేది ఆయన భార్య పేరని కొందరు అంటారు. ఆ పేరు మీదే అనంతపురం వెలిసింది. పక్కనే ఉన్నది బుక్కరాయసముద్రం. ధర్మవరం కూడా అంతే, చెరువు కట్టించినాయన తల్లి ధర్మాంబ పేరు మీద వెలిసిందంటారు.

పేరు గొప్ప ఊరు దిబ్బ అని ఎవరైనా అనవచ్చు. వానల్లేని ఏడాది నెర్రెలు విచ్చిన చెరువు కట్ట మీద నిలబడితే నాకూ ఆ సామెత గుర్తొచ్చింది. కానీ ఉన్నదాన్ని చూసి పేరు పెట్టే అలవాటు మనవాళ్లకు ఎప్పుడు ఉంది? పిడికెడంత పసికందును చూసి వీరభద్రప్ప అన్నారు. నీళ్లు చేరని గుంతను చూసి సముద్రం అన్నారు. రావలసినదాన్ని ముందే పేరు పెట్టి పిలిచారు. వానొచ్చిన ఏడు అలుగు పారుతుంటే చెరువు తన పేరు నిలబెట్టుకుంటుంది. రాని ఏడు పేరు ఎదురుచూస్తుంది. మా వైపు పెద్దలు పిల్లల తల మీద చెయ్యేసి "పేరు నిలబెట్టు నాయనా" అనే మాటలో ఉన్నదీ ఆ ఓపికేనేమో.

అందుకే ఆ నోటుపుస్తకం అమ్మాయికి ఒకే మాట చెప్పి వచ్చాను. తొందరపడొద్దని. పుట్టిన సంగతి ఇరవై ఒక్క రోజుల్లో నమోదు చేయించాలి కానీ, పేరు తర్వాత చేర్చుకునే వీలుంది. ఈలోగా రోజుకొక పేరుతో వాణ్ని పిలిచి చూసుకో, చదవడం కాదు, వాకిట్లో నిలబడి గట్టిగా పిలిచి చూడు అన్నాను. ఆ అమ్మాయి నవ్వి సరేనంది. నిజంగా అలాగే చేసిందని తర్వాత విన్నాను.

పేరు పెట్టే రోజు నన్నూ పిలిచారు. అల్లుడు ముందురోజు రాత్రి బస్సెక్కి వచ్చాడు. పళ్లెంలో బియ్యం పోసి, ఉంగరంతో పేరు రాశాడు. కొంచెం చెయ్యి వణికింది. ఓజస్. తేజస్సు, బలం అనే అర్థం. పొట్టిగా ఉంది, కొత్తగా ఉంది, కోరుకున్నట్టే కుదిరింది. మూడుసార్లు బిడ్డ చెవిలో చెప్పారు. వచ్చినవాళ్లందరినీ పేరు పేరునా పలకరించి తాంబూలాలిచ్చారు. స్నేహితుడి ముఖంలో చిన్నబుచ్చుకున్న జాడ ఏమీ లేదు. 'ఓ' అయితే మిగిలింది కదా అన్నాడు నాతో.

భోజనాలయ్యాయి. నేను బయట వేపచెట్టు కింద చెప్పులు వేసుకుంటున్నాను. లోపల బిడ్డ లేచి ఏడుపందుకున్నాడు. ముత్తవ్వ ఉయ్యాల దగ్గరకు వెళ్లినట్టుంది. కొత్త పేరు ఆమె నోటికి ఇంకా పట్టలేదు. ఓజసు అంది. ఓజూ అంది. కాసేపు ఆగింది. తర్వాత గొంతు ఎత్తి, చివరి అచ్చును చేను అంత పొడవున లాగుతూ పిలిచింది.

"ఓజప్పా..."

వేపచెట్టు దాకా స్పష్టంగా వినపడింది.